గేటు దగ్గర కానిస్టేబుల్‌ని ఒంటరిగా వదలకండి: రెండు రాష్ట్రాల హోం శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోం శాఖల ముఖ్య కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల డీజీపీలకు,

విషయం: చిన్న ఎయిర్‌పోర్టుల్లో పోలీసు సెక్యూరిటీ గురించి.

నమస్కారం. నేను జిల్లా సాయుధ పోలీసు విభాగమైన ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్)లో కానిస్టేబుల్‌గా చేరి రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఎస్ఐ)గా రిటైరైన వాడిని. సర్వీసు చివర్లో కొన్నేళ్లు ఒక చిన్న ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో ఉన్నాను. ఆ ఎయిర్‌పోర్టు పేరు రాయడం లేదు. ఇప్పుడక్కడ డ్యూటీ చేస్తున్న పిల్లలకు నా ఉత్తరం వల్ల మెమోలు రాకూడదు. పైగా నేను చెప్పబోయేది ఒక్క చోటి సంగతీ కాదు.

ఈమధ్య పేపరు తిరగేస్తే ఎక్కడో ఒక కొత్త ఎయిర్‌పోర్టు వార్త కనబడుతోంది. అటు కుప్పం, దగదర్తి, శ్రీకాకుళం, ఒంగోలు. ఇటు మామునూరు, ఆదిలాబాద్. భూసేకరణ ఎంతవరకొచ్చింది, రన్‌వే ఎంత పొడుగు, ఏ కంపెనీ విమానం దిగుతుంది, ఎవరి పేరు పెడతారు అని అందరం మాట్లాడుకుంటున్నాం. పేరు దగ్గరైతే పోట్లాడుకుంటున్నాం కూడా. ఆ గేటు దగ్గర ఎవరు నిలబడతారు, నిలబడ్డవాడు ఎవరి మాట వినాలి అన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నేను ఎత్తుతున్నది అదొక్కటే.

2016 నాటి జాతీయ పౌర విమానయాన విధానంలోనూ, దాని వెంట చిన్న ఊళ్లకి చౌకగా విమానాలు నడపడానికి వచ్చిన ఉడాన్ పథకంలోనూ ఒక షరతు ఉంది. ప్రాంతీయ ఎయిర్‌పోర్టులకు పోలీసులను, ఫైర్ సర్వీసును రాష్ట్ర ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని ఉడాన్ మొదటి విమానానికి జెండా ఊపిన రోజే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల టికెట్ అన్నది జనానికి గుర్తుండిపోయింది. పోలీసులు ఉచితం అన్న ముక్క మీ ఫైళ్లలో ఉండిపోయింది. ఊరికే ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏ ఇంట్లోనైనా వాడకంలో లేని వస్తువే ముందు బయటికి తీస్తారు. నేను వెళ్లేసరికి మా యూనిట్ అలాగే ఉంది. మోకాళ్ల నొప్పులవాళ్లు, ఏదో ఎంక్వయిరీ నడుస్తున్నవాళ్లు, స్టేషన్‌లో ఎస్ఐకి నచ్చనివాళ్లు. ఎయిర్‌పోర్టు అంటే లూప్‌లైన్ పోస్టింగ్, అంటే ప్రాధాన్యం లేని పోస్టు. "ఏసీలో కూర్చుని జీతం తీసుకుంటున్నావు" అని బ్యాచ్‌మేట్లు వెక్కిరించే డ్యూటీ.

ఆ ఏసీ కుర్చీ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఎక్స్‌రే మిషన్ ముందు కూర్చునే మనిషిని స్క్రీనర్ అంటాం. ఏకధాటిగా 20 నిమిషాలకు మించి అతన్ని ఆ తెర ముందు ఉంచకూడదని నియమం. ఆ తర్వాత కన్ను చూస్తుంది గాని బుర్ర చూడదు. తెర మీద లోహం నీలంగా కనబడుతుంది. తిండి, బట్ట, కాగితం, సబ్బు లాంటివన్నీ నారింజ రంగులో కనబడతాయి. రెండూ కలిసినవి ఆకుపచ్చ. చిక్కంతా నారింజ దగ్గరే, ఎందుకంటే పేలుడు పదార్థాలు కూడా ఆ రంగులోనే కనబడతాయి. మన ప్రయాణికుల బ్యాగులు చూస్తే సగానికి సగం నారింజే. తిరుపతి లడ్డూలు, పూతరేకులు, సున్నుండలు, కారప్పొడి డబ్బాలు. దగ్గరగా పేర్చిన లడ్డూలు తెర మీద ఒకే ముద్దలా కనబడతాయి, దాని వెనక ఏముందో కనబడదు. అప్పుడు బ్యాగు తెరిపించాలి. ఆవకాయ సీసా హ్యాండ్ బ్యాగులో తీసుకెళ్లకూడదమ్మా అని చెప్పినప్పుడు ఎదురయ్యే చూపులు వేరే కథ. కొడుకు కోసం పెట్టిన పచ్చడిని ఎవరో యూనిఫాంవాడు పక్కన పెట్టించాడంటే ఆ తల్లి జన్మలో మర్చిపోదు.

మిషన్‌లోనే టిప్ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. నడుస్తున్న బ్యాగు బొమ్మలో లేని తుపాకీనో, లేని బాంబునో హఠాత్తుగా చూపించి, స్క్రీనర్ పట్టుకున్నాడా వదిలేశాడా అని లెక్క రాస్తుంది. అది కాక మనిషి చేత డమ్మీ వస్తువు పంపించి చూసే చెకింగ్‌లు ఉంటాయి. ఈ పనికి బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా బ్యూరో, ట్రైనింగ్ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, మళ్లీ రాసి నిలబెట్టుకోవాలి. లేకపోతే ఆ కుర్చీలో కూర్చోకూడదు. రైఫిల్ పట్టడం వచ్చిన ప్రతివాడికీ చేతనయ్యే పని కాదని దీన్ని బట్టే మీకు అర్థమవుతుంది.

ఇలా తయారైన మనిషిని మన డిపార్ట్‌మెంటు ఏం చేస్తుంది? బ్రహ్మోత్సవాలొస్తే రోప్ పార్టీలో నిలబెడుతుంది. సీఎం టూర్ ఉంటే రోడ్డు బందోబస్తుకి పంపుతుంది. ఎన్నికలొస్తే ఇంకో జిల్లాకి. ఏఆర్ హెడ్‌క్వార్టర్స్ నుంచి సాయంత్రం ఫోన్ వస్తుంది, "ఎయిర్‌పోర్టులో ఎంతమంది ఉన్నారు, ఒక ఆరుగురిని పంపించు." ఆ ఆరుగురిలో సర్టిఫికెట్ ఉన్న స్క్రీనర్లు ఎందరో అడిగేవాళ్లు ఉండరు. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారి రోల్ కాల్ రిజిస్టర్‌లో అందరూ ఒకే లెక్క. బందోబస్తు అయిపోయి తిరిగొచ్చేలోపు ఒకరిద్దరికి బదిలీ కూడా అయిపోతుంది. బదులుగా వచ్చినవాడు డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ ఎందుకు కూసిందో కూడా తెలియని కుర్రాడు. అతన్ని ట్రైనింగ్‌కి పంపి, పరీక్ష పాసై వచ్చేదాకా ఉన్న నలుగురే రెండు షిఫ్టులు మోయాలి. అప్పుడు 20 నిమిషాల నియమం కాగితం మీదే ఉంటుంది.

మహిళా కానిస్టేబుళ్ల సంగతి ఇంకా ఘోరం. ఆడవాళ్లను ఆడవాళ్లే, తెర వేసిన గదిలో తనిఖీ చేయాలి. చిన్న యూనిట్‌లో షిఫ్టుకి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లలో ఒకరు ప్రసూతి సెలవులో ఉండి, ఇంకొకరిని మహిళా నాయకురాలి పర్యటనకి తీసుకుపోతే, విమానంలో వెళ్లాల్సిన ముప్పై మంది ఆడవాళ్లు ఒక్క మనిషి ముందు క్యూలో నిలబడతారు. విమానం లేటయితే ఎయిర్‌లైన్ మేనేజరు మా మీద, వాళ్ల ఆఫీసు ఆయన మీద. ఆ అమ్మాయికి మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. ఆ టెన్షన్‌లో చెకింగ్ ఎలా జరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఇంకో చిక్కేమిటంటే చిన్న ఎయిర్‌పోర్టు రోజంతా బిజీగా ఉండదు. ఏటీఆర్ అనే చిన్న విమానం ఒకటి వస్తుంది, డెబ్భై మంది దిగుతారు, డెబ్భై మంది ఎక్కుతారు. ఆ ముందు రెండు గంటలు ఊపిరాడదు. తర్వాత హాలంతా ఖాళీ. సరిగ్గా ఆ ఖాళీ టైములో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్ద సారు ఒకరు, "ఇక్కడింతమంది ఎందుకయ్యా" అన్నారు. గోడ పొడుగునా తిరిగే గస్తీ, వాచ్ టవర్లు, రాత్రి కాపలా, పొద్దున్నే మొదటి విమానానికి ముందు హాలు, రన్‌వే పక్క ప్రాంతం మొత్తం జల్లెడ పట్టడం, ఇవేవీ ఆయనకి కనబడలేదు. ఎనిమిది అడుగుల గోడ, దాని మీద ముళ్లకంచె ఉంటే చాలనుకుంటారు. వాన కాలంలో ఎక్కడో గోడ కింద మట్టి కొట్టుకుపోయి కుక్క దూరేంత సందు పడుతుంది. దాన్ని మొదట కనిపెట్టేది మేకల్ని తోలుకొచ్చే పక్క ఊరి పిల్లలు, తర్వాత మేం. ఆ ఊరివాళ్లతో మంచిగా ఉండటం కూడా సెక్యూరిటీలో భాగమేనని ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు, అక్కడ నిలబడితే తెలిసింది.

ఇవన్నీ మనుషుల కొరత మాటలు. మీరు మనుషుల్ని ఇస్తే తీరిపోతాయి. కానీ ఎంతమందిని ఇచ్చినా తీరనిది ఒకటుంది. నన్ను ఈ ఉత్తరం రాయించింది అదే.

ఎమ్మెల్యే గారు హైదరాబాద్ వెళ్తున్నారు. ఆయన్ని సాగనంపడానికి ఇరవై మంది వచ్చారు, అందరూ లోపలికి రావాలంటారు. గేటు దగ్గర కానిస్టేబుల్ టికెట్ చూపించమంటాడు. "ఎవరనుకుంటున్నావ్?" అని మొదలవుతుంది. ఎమ్మెల్యే గారి గన్‌మన్ ఆ కానిస్టేబుల్ బ్యాచ్‌మేటే. "ఏంట్రా, మనోళ్లే కదా, వదిలెయ్" అంటాడు. వదలకపోతే ఫోన్. ఆ ఫోన్ ఎటు తిరిగినా చివరికి మా యూనిట్ ఇన్‌ఛార్జికే వస్తుంది. "చిన్న విషయం కదా, ఎందుకు ఇష్యూ చేస్తారు" అని పైనుంచి మెత్తగానే చెబుతారు. ఎవరూ కాగితం మీద రాసివ్వరు. మూడోసారి కూడా వదలని కానిస్టేబుల్ పేరు ఎవరో రాసుకుంటారు. వారం తిరక్కుండా అతనికి ఎక్కడో బదిలీ. ఎస్ఐ స్థాయివాడైతే వీఆర్‌కి, అంటే పోస్టింగ్ లేకుండా ఖాళీగా కూర్చోబెట్టే చోటికి పోతాడు. నిబంధన చూస్తే, తనిఖీ నుంచి మినహాయింపు ఉన్నవాళ్ల జాబితా ఒకటి బీసీఏఎస్ ఇచ్చింది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు లాంటి వాళ్లు అందులో ఉన్నారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు లేరు. వాళ్ల బావమరుదులు అసలే లేరు. ఆ జాబితా మా గేటు పక్కన గోడకి అంటించే ఉండేది. అది చదివినవాళ్లలో దానికి కట్టుబడినవాళ్లు తక్కువ.

ఇదే పని పెద్ద ఎయిర్‌పోర్టులకు కాపలా కాసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ జవాను చేస్తే చూడండి. అతను బీహార్‌వాడో కేరళవాడో అయి ఉంటాడు. నియోజకవర్గం తెలియదు, కులం తెలియదు, సగం మాటలు అర్థం కావు. అదే అతని బలం. అతని ప్రమోషన్, బదిలీ ఢిల్లీలో ఉన్నాయి. మా కానిస్టేబుల్ ఇంటి స్థలం, పిల్లవాడి స్కూలు సీటు, భార్య అంగన్‌వాడీ ఉద్యోగం అన్నీ ఆ ఎమ్మెల్యే గారి నియోజకవర్గంలోనే ఉన్నాయి. ఎవరి ధైర్యం ఎక్కువ అని కాదు, ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉంది అన్నదే తేడా. కేంద్ర బలగాలున్న చోట కూడా ఒత్తిడి వేరే దారిలో వస్తుందనుకోండి. 2022 జనవరిలో రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఒక స్థానిక నాయకుడిని లోపలికి రానివ్వలేదని అక్కడికి నీళ్ల సరఫరా ఆపేశారన్న ఆరోపణ కేంద్ర మంత్రి దాకా వెళ్లింది. ఢిల్లీ అండ ఉన్న చోటే అలాంటి మాట వినబడితే, జిల్లా ఎస్పీ కింద పనిచేసే నలభై మంది యూనిట్ ఎంత?

చిన్న ఎయిర్‌పోర్టే కదా, ఏం జరుగుతుందిలే అని మీలో ఎవరైనా అనుకుంటే 1999 డిసెంబర్ 24 గుర్తు చేసుకోండి. ఖాట్మండులో హైజాకర్లు ఆయుధాలతో ఎక్కిన ఐసీ-814 విమానం మొదట దిగింది అమృత్‌సర్‌లో. అప్పట్లో ఎయిర్‌పోర్టుల కాపలా రాష్ట్ర పోలీసులదే, అక్కడ పంజాబ్ పోలీసులు. విమానం నేల మీద దాదాపు 50 నిమిషాలు ఉంది. దాన్ని కదలకుండా ఆపాలని ఢిల్లీలో అనుకున్నారు, కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీని పంపాలనుకున్నారు. ఎన్‌ఎస్‌జీ రాలేదు, ఎవరు ఏం చేయాలో తేలలేదు, విమానం ఆయిల్ పోయించుకోకుండానే లేచి లాహోర్ వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి దుబాయ్, చివరికి కాందహార్. ఆ వారం రోజులు ఏం జరిగిందో దేశమంతా చూసింది. అమృత్‌సర్ పోలీసులు చేతకానివాళ్లని నేననను. ఆ 50 నిమిషాల్లో ఆదేశం ఇచ్చే అధికారం ఎవరిదో ముందే తేలి, దాన్ని నాలుగైదు సార్లు ప్రాక్టీసు చేసి ఉంటే కథ వేరుగా ఉండేదంటాను. ఆపదలో ఉన్న విమానం పెద్ద ఎయిర్‌పోర్టు చూసుకుని దిగదు, దగ్గర్లో రన్‌వే ఎక్కడుంటే అక్కడ దిగుతుంది. ఐసీ-814 తర్వాతే ఎయిర్‌పోర్టుల భద్రతను రాష్ట్రాల నుంచి తీసి సీఐఎస్ఎఫ్‌కి ఇచ్చారు. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలై, ఇప్పుడు 60కి పైగా ఎయిర్‌పోర్టులు వాళ్ల చేతిలో ఉన్నాయి. ఉడాన్ వచ్చాక చిన్నవాటి విషయంలో మళ్లీ రాష్ట్ర పోలీసు దగ్గరికే తిరిగొచ్చాం. తిరిగి రావడం తప్పు కాదు. 1999లో ఎలా ఉన్నామో అలాగే తిరిగి రావడమే తప్పు.

అలాగని అన్నీ సీఐఎస్ఎఫ్‌కి ఇచ్చేస్తే సరిపోతుందా? 2018 అక్టోబర్ 25న విశాఖ ఎయిర్‌పోర్టు వీఐపీ లౌంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి మీద కోడికత్తితో దాడి జరిగినప్పుడు కాపలా సీఐఎస్ఎఫ్‌దే. దాడి చేశాడని అరెస్టయినవాడు బయటివాడు కాదు, అక్కడి రెస్టారెంట్లో పనిచేసే కుర్రాడు. ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు అని పార్టీలవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు, ఆ తీర్పు కోర్టుది. నాకు కావాల్సింది ఆ వాదనలో కొట్టుకుపోయిన రెండు సంగతులు. మొదటిది, లోపల పనిచేసేవాళ్ల పాస్. రెస్టారెంటు కుర్రాడు, ఊడ్చే ఆమె, బ్యాగులు మోసేవాడు, కరెంటు పనివాడు, వీళ్లందరికీ ఎంట్రీ పాస్ ఇచ్చేముందు పోలీసు వెరిఫికేషన్ చేసేది మన లోకల్ స్టేషనే. ఆ వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాంట్రాక్టరు కాగితాల కట్ట తెస్తాడు, రైటరు స్టాంపు వేస్తాడు. రోజూ కనబడే మొహాన్ని తనిఖీ చేయాలంటే మొహమాటం కూడా ఒకటి. వంటింట్లోకి వెళ్లే కత్తులకి లెక్క ఉండాలి, సాయంత్రం ఆ లెక్క సరిచూడాలి. రెండోది, దాడి జరిగిన గంటల్లోనే "లోపలి సెక్యూరిటీ కేంద్రానిది" అని ఒకరు, "కేసు రాష్ట్ర పోలీసులది" అని ఇంకొకరు. రాష్ట్రం సిట్ వేసింది, తర్వాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది. మీదా మాదా అన్న ఈ గొడవ పెద్ద ఊళ్లోనే అలా ఉంటే, చిన్న చోట రోజూ ఉంటుంది.

ఎలాగంటే, ఒక పెద్దమనిషి బ్యాగులో తూటా దొరుకుతుంది. మన దగ్గర ఇది అరుదేం కాదు, లైసెన్సు ఉన్న తుపాకీ ఇంట్లో పెట్టి తూటా బ్యాగులో మర్చిపోతారు. ఎయిర్‌పోర్టు యూనిట్‌కి కేసు కట్టే అధికారం లేదు. పట్టుకుని, కాగితం రాసి లోకల్ స్టేషన్‌కి అప్పగించాలి. శంషాబాద్‌కి ఆర్‌జీఐఏ పోలీస్ స్టేషన్ ఉంది, విశాఖకి ఎయిర్‌పోర్టు పోలీస్ స్టేషన్ ఉంది. చిన్న చోట ఆ స్టేషన్ ఎక్కడో మండల కేంద్రంలో ఉంటుంది. ఎస్ఐ గారు జాతరలో ఉంటారు. ఆయనొచ్చేసరికి విమానం వెళ్లిపోతుంది, ప్రయాణికుడు మా మీద పడి అరుస్తుంటాడు, పంచనామాకి సాక్షులు దొరకరు. మాలో ఒకడు ఆ రోజంతా ఆ ఒక్క తూటాకి కాపలా.

బాంబు బెదిరింపులదీ అదే వరస. 2024 అక్టోబర్‌లో దేశమంతటా విమానాలకు వందల కొద్దీ ఉత్తుత్తి బెదిరింపులు వచ్చాయి. బెదిరింపు రాగానే ఒక కమిటీ కూర్చుని అది నమ్మదగ్గదా కాదా తేల్చాలి. విమానాన్ని దూరంగా పార్క్ చేయించాలి, డాగ్ స్క్వాడ్, బాంబు స్క్వాడ్ రావాలి. చిన్న ఎయిర్‌పోర్టులో ఆ కమిటీ సభ్యులు నాలుగు ఆఫీసుల్లో ఉంటారు, కుక్క జిల్లా కేంద్రంలో ఉంటుంది. నేనున్న చోట ఒకసారి డ్రిల్ పెడితే ఆ కుక్క ఒక మంత్రి గారి సభ దగ్గర బందోబస్తులో ఉందని కబురొచ్చింది. డ్రిల్ కాబట్టి అందరం నవ్వుకున్నాం.

అన్నీ కష్టాలే చెబుతున్నానని అనుకోకండి. లోకల్ పోలీసు ఉండటం వల్ల మేలూ ఉంది. కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాములు వస్తారు. క్యాబిన్‌లో కొబ్బరికాయ తీసుకెళ్లకూడదని నిబంధన ఉన్నా, ఇరుముడిలో కాయకి బీసీఏఎస్ సీజన్ వరకు అనుమతి ఇస్తోంది. 2024లో ఆ అనుమతిని ప్రకటించింది మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారే. ఎక్స్‌రేలో పెట్టాలి, పేలుడు పదార్థాల పరీక్ష చేయాలి, చేత్తో చూడాలి. నెత్తి మీది ఇరుముడిని బెల్టు మీద పెట్టమంటే స్వాములకి కోపం రాదూ? "స్వామీ, శరణం. తమరే దించి, తమరే ట్రేలో పెట్టండి, నేను ముట్టుకోను, అవసరమైతే మాలలో ఉన్న మా స్వామి వచ్చి చూస్తాడు" అని మా కుర్రాడు చెప్పేవాడు. ఒక్కరూ గొడవ పెట్టలేదు. ఆ భాష, ఆ మర్యాద ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ దొరకవు. పొలం నుంచి మొదటిసారి విమానం ఎక్కడానికొచ్చిన ముసలాయనకి బెల్టు ఎందుకు తీయాలో తెలుగులో ఓపిగ్గా చెప్పేవాడు కూడా మా కానిస్టేబులే. అందుకే మమ్మల్ని తీసేసి కేంద్ర బలగాల్ని పెట్టండి అనను. పెట్టమన్నా అన్నిచోట్లా పెట్టరు. 2022లో సీఐఎస్ఎఫ్‌లోనే మూడు వేలకు పైగా ఎయిర్‌పోర్టు పోస్టులు తీసేసి కొన్ని పనులకి ప్రైవేటు గార్డుల్ని తెచ్చారు. రోజుకి రెండు విమానాలొచ్చే చోటికి వాళ్లొస్తారని ఎదురుచూడటం దండగ.

మనకి ఇంట్లోనే దారి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1991 చట్టంతో స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ పెట్టుకున్నాం. సీఐఎస్ఎఫ్‌ని చూసి తయారు చేసుకున్న బలగం అది. ఇప్పుడు రెండు రాష్ట్రాలకీ వేర్వేరుగా ఉంది. దానిలో ఏవియేషన్ వింగ్ అని ఒకటి విడిగా పెట్టండి. అందులోకి వచ్చినవాడు కనీసం ఐదేళ్లు అందులోనే ఉండాలి, ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకే బదిలీ కావాలి. సొంత జిల్లాలో పోస్టింగ్ వద్దు. బందోబస్తుకి ఎస్పీ గారు ఫోన్ చేసి ఆరుగురిని పంపించమంటే పంపించే వీలు లేకుండా, ఆ వింగ్ నేరుగా రాష్ట్ర హెడ్‌క్వార్టర్స్‌లో ఒక ఐజీ కింద ఉండాలి. స్క్రీనర్ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకి కొంత అలవెన్స్ ఇవ్వండి, అప్పుడు లూప్‌లైన్ అన్న మాట దానంతటదే పోతుంది. షిఫ్టుకి నలుగురు మహిళా కానిస్టేబుళ్లకు తగ్గితే ఆ ఎయిర్‌పోర్టుకి కొత్త విమానం వేళ ఒప్పుకోమని ముందే చెప్పండి. ఎయిర్‌లైన్లు, కలెక్టర్లు, ఎంపీలు అందరూ కలిసి వాళ్లను తెచ్చిపెడతారు.

గేటు దగ్గర వచ్చే ఫోన్ల సంగతి ఐజీ ఉన్నంత మాత్రాన తీరదు. దానికి నేను అడిగేది చిన్నది. ఎయిర్‌పోర్టు యూనిట్‌లో ఒక రిజిస్టర్ పెట్టించండి. టికెట్ లేకుండా ఎవరినైనా లోపలికి పంపమని, తనిఖీ లేకుండా వదలమని ఎవరు చెప్పినా, చెప్పినవాళ్ల పేరు, హోదా, టైము అందులో రాయాలి. నెలాఖరుకి దాని కాపీ బీసీఏఎస్ ప్రాంతీయ ఆఫీసుకి వెళ్లాలి. ఆ రిజిస్టర్‌లో రాసిన కానిస్టేబుల్‌ని ఆరు నెలల దాకా బదిలీ చేయాలంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంతే. సగం ఫోన్లు ఆ పుస్తకం పేరు వింటేనే ఆగిపోతాయి.

డబ్బు ఎక్కడిదంటారా? ప్రతి దేశీయ టికెట్‌లో ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు ఉంటుంది. 2019లో 150 రూపాయలు, మరుసటి ఏడాది 160, 2021 ఏప్రిల్ నుంచి 200. ఆ సొమ్ము నేషనల్ ఏవియేషన్ సెక్యూరిటీ ఫీ ట్రస్టుకి చేరుతుంది, సీఐఎస్ఎఫ్ ఖర్చు దానిలోంచే తీరుస్తారు. ఉడాన్ ఎయిర్‌పోర్టుల్లో రాష్ట్ర పోలీసు చేసే పనీ అదే అయినప్పుడు, కనీసం ట్రైనింగ్, పరికరాలు, అలవెన్స్ ఖర్చైనా ఆ ట్రస్టు నుంచి ఇప్పించమని కేంద్రాన్ని అడగండి. విమానయాన మంత్రి మన తెలుగువారే, మాట చెప్పడానికి దుబాసీ అక్కర్లేదు.

ట్రైనింగ్‌కి చోటు కూడా వెతుక్కోనక్కర్లేదు. వరంగల్ మామునూరులో నిజాం కాలపు ఏరోడ్రోమ్ మళ్లీ తెరవబోతున్నాం. అక్కడే పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, బెటాలియన్ ఉంది. ఒక పాత ఎక్స్‌రే మిషన్, రెండు మెటల్ డిటెక్టర్లు, బీసీఏఎస్ నుంచి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే రెండు రాష్ట్రాల పిల్లలు కలిసి అక్కడ నేర్చుకోవచ్చు. నీళ్ల దగ్గరా, ఆస్తుల దగ్గరా మీ రెండు ప్రభుత్వాలకూ కుదరకపోతే పోయింది, ఇందులో పంచుకోవడానికి గొడవేమీ లేదు.

ఇక స్టేషన్ల మాట. ప్రతి చిన్న ఎయిర్‌పోర్టుకీ పూర్తి స్టేషన్ అడగడం లేదు. విమానాల వేళల్లో ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక రైటరు కూర్చునే ఔట్‌పోస్టు చాలు. ఎంట్రీ పాసుల వెరిఫికేషన్ కూడా ఆ ఔట్‌పోస్టుకే అప్పగించి, ఏడాదికోసారి ప్రతి పాస్ మళ్లీ చూడమనండి.

స్క్రీనర్ తయారవడానికి నెలలు పడుతుంది, మంచి స్క్రీనర్ కావడానికి ఇంకా ఎక్కువ. మామునూరు కానీ, కుప్పం కానీ, ఇంకోటి కానీ, టెర్మినల్ టెండర్ పిలిచిన నెలలోనే అక్కడ పనిచేయబోయే మనుషుల ఎంపికకి కూడా జీవో ఇవ్వండి. ప్రారంభోత్సవానికి పది రోజుల ముందు ఏఆర్ హెడ్‌క్వార్టర్స్‌కి ఫోన్ చేసి నలభై మందిని పంపమనకండి.

ఈ లేఖ కాపీని బీసీఏఎస్ డైరెక్టర్ జనరల్ గారికి, విమానయాన మంత్రి గారి కార్యాలయానికి పంపుతున్నాను. జవాబిచ్చే ఉద్దేశం ఉంటే, ముందుగా రిజిస్టర్ సంగతి మీద ఇవ్వండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్